నీళ్లుంటే లాంచీ.. నీళ్లు దిగితే ఊరు!

తెలంగాణకు సముద్రం లేదు. అయినా పొద్దున ఎక్కితే పొద్దుగూకే దాకా నీళ్ల మీదనే సాగే ప్రయాణం ఒకటి మనకుంది. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిలలో లాంచీ ఎక్కి, నల్లమల కొండల నడుమ నుంచి కృష్ణా నది మీద శ్రీశైలం చేరుకోవచ్చు. తెలంగాణ టూరిజం నడిపే లాంచీ ఇది. ఈత కొలను, పదంతస్తులు, రాత్రి డ్యాన్సులు ఏమీ ఉండవు. ఒక డెక్కు, కొన్ని కుర్చీలు, మధ్యాహ్నం భోజనం, రెండు వైపులా అడవి. అంతే.

మా ఇంట్లో ఈ ట్రిప్ మాట పుట్టింది తమ్ముడి ఫోన్‌లో. వైజాగ్, చెన్నై రేవుల నుంచి బయల్దేరే పెద్ద క్రూజ్ షిప్పుల రీల్స్ చూసి 'మనమూ పోదాం' అన్నాడు. నాన్న టికెట్ రేట్లు చూసి ఫోన్ మెల్లగా పక్కన పెట్టేశాడు. అప్పుడు అమ్మ అంది.. 'క్రూజే కావాలంటే మా సోమశిలకు పోదాం. మా అమ్మను కూడా తీస్కపోదాం' అని.

అమ్మమ్మను తీసుకెళ్లడం వెనక ఒక సంగతి ఉంది. ఆమె కాపురం చేసిన ఊరు ఇప్పుడు ఆ నీళ్ల కిందే ఉంది.

షిప్పులో పోయేవాళ్లు రేవు వచ్చినప్పుడల్లా దిగి, ఊరు చూసి, అక్కడి తిండి తిని మళ్లీ ఎక్కుతారు కదా. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ప్యాకేజీ లేదు, గైడ్ లేడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.. 2016 అక్టోబరులో పాత పాలమూరు నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో కృష్ణా తీరం పట్టుకొని మూడు రోజులు. ఒక్కొక్కరికి ఒక్కో మజిలీ. ఎవరి మజిలీలో వాళ్లదే మాట. తమ్ముడికి చేపలు, అమ్మకు చీర, నాన్నకు గుళ్లు, నాకు సంగమేశ్వరం. అమ్మమ్మను అడిగితే 'నాకేం వద్దు బిడ్డా, నది సూపిస్తే సాలు' అంది.

మజిలీ 1: జూరాల చేప

హైదరాబాద్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద వచ్చి, కొత్తకోట దగ్గర పక్కకు తిరిగి ఆత్మకూరు మీదుగా వెళితే ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వస్తుంది. కర్ణాటక దాటి తెలంగాణలోకి వచ్చిన కృష్ణమ్మకు ఇక్కడ తగిలే మొదటి పెద్ద ఆనకట్ట ఇదే. ఆనకట్ట మీదుగానే గద్వాల రోడ్డు. ఒకవైపు నిండుగా నీళ్లు, ఇంకోవైపు బండలు, వాటి సందుల్లో పారే పాయలు.

జనం ఆగేది మాత్రం ప్రాజెక్టు కోసం కాదు, చేపల కోసం. దగ్గర్లోని కొట్ల ముందు పెద్ద మూకుళ్లలో నూనె సలసల కాగుతుంటుంది. పళ్లెంలో కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన ముక్కలు. మనం ఏది చూపిస్తే అదే నూనెలో పడుతుంది. రవ్వ, బొచ్చె ఎప్పుడూ దొరుకుతాయి, కొర్రమీను దొరికితే అదృష్టం. ఇక్కడ చేపను పలుచగా కాకుండా మందంగా కోస్తారు. పైన కరకర, లోపల మెత్తగా ఉంటుంది. పక్కన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. ఇంకో ఆర్భాటం లేదు.

మా తమ్ముడు మొదటి ప్లేటు ఫొటో తీశాడు. రెండో ప్లేటుకు ఫొటో తీసే ఓపిక లేకపోయింది.

ఒక చిట్కా. ఆర్డర్ ఇచ్చే ముందు చేప పొద్దున పట్టిందా, నిన్నటిదా అని అడగండి. మొహమాటపడొద్దు. వాళ్లే మొప్పలు ఎత్తి చూపిస్తారు. ఎర్రగా ఉంటే తాజాది. ధర కూడా తూకానికా, ముక్కకా అన్నది ముందే మాట్లాడుకోండి.

మజిలీ 2: గద్వాల చీర, పొద్దటి ఉగ్గాని

గద్వాల చుట్టుపక్కల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క తుంగభద్ర, నడుమ ఉన్న గడ్డ కాబట్టి ఆ పేరు. సంస్థానం కాలం నాటి కోట ఊరి మధ్యనే ఉంది. లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. కోట గోడల మధ్య నుంచి పుస్తకాలు పట్టుకొని పిల్లలు క్లాసులకు పోతుంటే చూడటానికి బాగుంటుంది.

అమ్మ మజిలీ మాత్రం మగ్గాల దగ్గర. గద్వాల చీర ప్రత్యేకత ఏమిటంటే ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు, పట్టు వేరు వేరు బిగువులో ఉండే దారాలు. ఆ రెంటినీ కలిపే చోట పోగుకు పోగు ముడేసినట్టు నేయాలి. దాన్ని కుప్పడం అంటారు. చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అగ్గిపెట్టెలో పట్టేంత సన్నటి చీర నేసేవాళ్లని పెద్దలు చెప్పుకుంటారు.

చీర తిప్పి చూడమని మాకు చూపించింది నేతపని చేసే ఒక అక్క. 'వెనక దిక్కు సూడుండ్రి. అంచు కలిసిన జాగల ముడి కనిపిస్తదా? చేత్తోని చేసిందైతే కనిపిస్తది' అంది. అమ్మ పావుగంట ఆ ముడినే చూస్తూ కూర్చుంది. చివరికి వంగపండు రంగు చీర తీసుకుంది. నాన్న ముఖం ఏ రంగుకొచ్చిందో ఇక్కడ రాయను.

రాత్రి గద్వాలలోనే ఆగాం. పొద్దున్నే హోటల్‌లో ఇడ్లీ అడగబోతుంటే పక్క టేబుల్ మీద వేడివేడిగా ఉగ్గాని కనబడింది. కర్నూలు, రాయచూరు రెండూ దగ్గరే కాబట్టి ఆ రుచులు ఇక్కడికీ వచ్చాయి. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. బజ్జీ లేని ఉగ్గాని తినేవాళ్లను ఈ ఊర్లో జాలిగా చూస్తారు.

మజిలీ 3: నడిచొచ్చిన గుళ్లు

నాన్న కోరిక అలంపురం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడున్నాయి. పేరు బ్రహ్మలదే అయినా అన్నీ శివాలయాలే. ఎర్రటి రాతి శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో ఉంటాయి. పక్కనే జోగులాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. జిల్లా పేరులో ఉన్న అమ్మవారు ఈమే.

మీరు అలంపురం పోతే ఒక గుడి దగ్గర మాత్రం ఆగి చూడండి. సంగమేశ్వరాలయం. ఈ గుడి పుట్టింది ఇక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు అక్కడి దాకా వస్తాయని తేలాక, రాయికి నంబరు వేసి విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. అలంపురం గుళ్లకు నీళ్లు తగలకుండా పెద్ద అడ్డుగోడ కట్టారు. 2009 అక్టోబరు వరదల్లో ఆ గోడ ఉన్నా అలంపురం మునిగింది.

నాన్న గోడ వైపు చూస్తూ అన్నాడు.. 'గుడిని రాయి రాయి లెక్కపెట్టి మోసుకొచ్చిండ్రు. ఊళ్లను మాత్రం ఎవరి సామాను వాళ్లు మోసుకోమన్నరు' అని. మామూలుగా నాన్న అలాంటి మాటలు మాట్లాడడు. ఆ మాట సోమశిల దాకా నా వెంటే వచ్చింది.

మజిలీ 4: వనపర్తిలో దర్వాజ

అలంపురం నుంచి మళ్లీ హైదరాబాద్ వైపు వస్తే బీచుపల్లి. కృష్ణమ్మ వంతెన పక్కనే ఆంజనేయస్వామి గుడి, స్నానాల ఘాట్లు. పుష్కరాలప్పుడు ఇసుకేస్తే రాలని జనం ఉండే చోటు ఇది. 2016లో కృష్ణా పుష్కరాలు జరిగాయి, మళ్లీ 2028లో. వంతెన దాటి పెబ్బేరు, అక్కడి నుంచి వనపర్తి. ఊరి మధ్యన సంస్థానం రాజావారి ప్యాలెస్ ఉంది. అందులో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. ఈ రాజులు పోయాక వాళ్ల ఇళ్లకు దొరికిన ఉద్యోగం మంచిదే అనిపించింది.

మధ్యాహ్నం అమ్మమ్మ ఇంట్లో భోజనం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లి చట్నీ. వనపర్తి చుట్టూ వేరుశనగ బాగా పండుతుంది కాబట్టి ఇక్కడ పల్లి లేని పూట ఉండదు. జొన్నరొట్టె చేత్తో తట్టే చప్పుడు వంటింట్లోంచి వస్తుంటే ఆకలి రెట్టింపవుతుంది. చివర్లో బక్షాలు, మీద నెయ్యి. మీరు హోటళ్లలో తినేవాళ్లయితే జొన్నరొట్టెలు చేసే మెస్సుల కోసం అడగండి, ఈ మూడు జిల్లాల్లో చాలా చోట్ల దొరుకుతాయి.

అమ్మమ్మ వాళ్ల ఇల్లు మామూలు స్లాబు ఇల్లే. దర్వాజ మాత్రం ఆ ఇంటిది కాదు. నల్లగా నిగనిగలాడే పాత టేకు కట్టె, గడప మీద చెక్కిన పూలు. చిన్నప్పటి నుంచి ఆ గడప మీద కూర్చున్నాను కానీ అది ఎక్కడిదని ఎప్పుడూ అడగలేదు. ఈసారి మామ చెప్పాడు.

1981. శ్రీశైలం జలాశయం నిండబోతోందని ఊళ్లు ఖాళీ చేయించిన ఏడాది. మామకు అప్పుడు ఆరేళ్లు. 'లారీల మొదలు తలుపులు, దర్వాజలు, దూలాలు ఎక్కిచ్చిండ్రు. మీద గోనెసంచులు. దాని మీద మేం. మా నాయిన గోడల వంక సూడలే. తలుపు ఊడబెరికినంక ఇల్లు ఇల్లు లెక్క కనిపియ్యలే అంటుండె' అన్నాడు మామ. ఆ దర్వాజే ఇది.

కృష్ణకు రెండు ఒడ్డుల్లో అటు కర్నూలు వైపు, ఇటు పాలమూరు వైపు సుమారు వంద ఊళ్లు ముంపుకు గురయ్యాయి. నష్టపోయిన కుటుంబాలకు ఉద్యోగాలు ఇవ్వాలని 1986లో 98వ నంబర్ జీవో వచ్చింది. 'జీవో 98' అంటే కొల్లాపూర్ వైపు ఇప్పటికీ ముసలోళ్ల నుంచి పిల్లల దాకా అందరికీ తెలుసు. ఆ జీవో కింద కొలువుల కోసం ఎదురుచూసి వయసు దాటిపోయినవాళ్లు ఎంతోమంది. ఒక ధర్నా వార్త వచ్చినప్పుడల్లా మామ పేపర్ మడిచి పక్కన పెట్టుకుంటాడు.

శ్రీశైలం వల్ల కరెంటు వచ్చింది, రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఎకరాలకు, ఊళ్లకు నీళ్లు వచ్చాయి. అది నిజం. ఆ నీళ్ల కోసం ఎవరు లేచిపోయారన్నదీ నిజమే. మనం లాంచీ ఎక్కేటప్పుడు ఈ రెండో సంగతి టికెట్ మీద ఉండదు.

మజిలీ 5: సోమశిల సాయంత్రం

అమ్మమ్మను, మామను ఎక్కించుకొని పెబ్బేరు మీదుగా శ్రీరంగాపూర్‌లో ఆగాం. రంగసముద్రం చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి. సంస్థానం రాజులు కట్టించిన ఎత్తైన గోపురం నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు సాయంత్రం ఎండలో పోవాలి.

అక్కడి నుంచి కొల్లాపూర్. దారిలో జటప్రోలు. కొల్లాపూర్ కంటే ముందు ఆ సంస్థానానికి రాజధాని అదే. అక్కడి మదనగోపాలస్వామి గుడి కూడా ముంపు నుంచి తరలించి కట్టిందే. కొల్లాపూర్‌లోని మాధవస్వామి గుడి మంచాలకట్ట నుంచి వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు. కొల్లాపూర్ మామిడి పేరు మీరు వినే ఉంటారు. మేం పోయింది డిసెంబరు కాబట్టి చెట్లనే చూసి తృప్తి పడ్డాం.

సోమశిలలో లలితా సోమేశ్వరాలయం కూడా పాత చోటి నుంచి పైకి తెచ్చిందే. గుడి దిగువన మెట్లు, మెట్ల కింద నది. నది అనాలా, సముద్రం అనాలా అర్థం కాలేదు. ఎదురుగా కొండలు, ఆ కొండల అడుగున ఆంధ్రప్రదేశ్.

రాత్రి బస సోమశిలలోనే. పొద్దుగూకేలోపు నా మజిలీ ఉంది కదా. చిన్న మోటారు బోటు మాట్లాడుకున్నాం. సంగమేశ్వరం వైపు పోవాలని.

ఏడు నదులు కలిసే చోటని సప్తనదీ సంగమేశ్వరానికి పేరు. ఆ ఏడింటిలో భవనాసి ఒక్కటే మగ పేరున్న నది అని చెబుతారు. గుళ్లోని లింగం రాతిది కాదు, వేప మొద్దుది. ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్మకం. అయితే ఈ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే ఉంటుంది. ఎండాకాలంలో జలాశయం అడుగంటుతుంటే మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. బురద కడిగి పూజలు చేస్తారు. వానాకాలం వరద రాగానే పూజారి చివరి హారతి ఇచ్చి బోటులో ఒడ్డుకు వచ్చేస్తాడు.

మేం పోయినప్పుడు అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. బోటు నడిపే అన్న ఇంజను ఆపి, చేత్తో కిందికి చూపించి 'గుడి ఈడనే' అన్నాడు. గాలి, నీళ్ల చప్పుడు. నేను ఫోన్ తీశాను, కానీ ఫొటో తీయడానికి ఏముంది?

అప్పుడు మాట్లాడింది అమ్మమ్మ. పట్టుచీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకొని కూర్చుంది. అప్పటిదాకా ఒక్క మాట లేదు. వెనక్కి తిరిగి వస్తుంటే దూరంగా ఒక గుట్టను చూసింది. 'ఆ గుట్ట మా ఊరి వెనకది. గుట్టకు ఇవతల సింతచెట్లు. సింతచెట్ల కింద బాయి. బాయి కాడికెళ్లి మా ఇంటికి నూరు అడుగులు' అంది. ఎంత లోతులో ఉందో, ఇప్పుడేముందో ఎవరూ అడగలేదు. తమ్ముడు మాత్రం 'ఆ నూరు అడుగుల్లో ఇంకెవరిళ్లు ఉండె అమ్మమ్మా?' అన్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కుమ్మరోళ్ల ఇల్లు, సాకలి వాళ్ల ఇల్లు, గోడకు పిడకలు కొట్టే ముసలమ్మ, ఎద్దు పొడిచిన పిలగాడు. ఒడ్డుకు వచ్చేదాకా ఆగలేదు. తమ్ముడు తన ఫోన్‌లో అంతా రికార్డు చేశాడు. క్రూజ్ రీల్స్ పిచ్చోడు ఆ వీడియో మాత్రం ఎక్కడా పెట్టలేదు. మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడంతే.

రాత్రి సోమశిలలో చేపల పులుసు, అన్నం. నది పక్కన తినే పులుసులో చింతపండు కొంచెం ఎక్కువే ఉంటుంది. మరుసటి రోజు లాంచీలో నిద్ర పట్టడానికి అదే కారణమని మామ అభిప్రాయం.

లాంచీ ఎక్కాం

పొద్దున లాంచీ. సోమశిల దాటగానే నది కొండల మధ్యకు దూరుతుంది. ఎడమ ఒడ్డున అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కుడి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ నల్లమల. కొన్నిచోట్ల నది ఇరుకై, రెండు పక్కలా పొరలు పొరలుగా పేర్చినట్టున్న బండలు నిలువునా లేస్తాయి. ఇంకోచోట విశాలంగా పరుచుకుంటుంది. ఫోన్‌కు సిగ్నల్ పోతుంది. మొదటి గంట అందరూ డెక్కు మీద సెల్ఫీలు. రెండో గంటకు పాటలు. మూడో గంటకు ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. అప్పుడు మొదలవుతుంది అసలు ప్రయాణం.

ఒడ్డున అక్కడక్కడ నీలిరంగు పట్టా గుడిసెలు, ఆరేసిన వలలు కనిపిస్తాయి. చేపలు పట్టేవాళ్లవి. తిప్పల్లా గుండ్రంగా ఉండే పుట్టిలో ఒక్కడే నిలబడి వల లాగుతుంటాడు. మనకు టూరు, వాళ్లకు పనిరోజు. జూరాల మూకుడులో పడ్డ చేప వెనక ఇలాంటి తెల్లవారుజాములు ఎన్ని ఉంటాయో అక్కడ అర్థమైంది.

మధ్యాహ్నం లాంచీలోనే భోజనం పెట్టారు. శ్రీశైలం దగ్గరపడుతుండగా అక్కమహాదేవి గుహలున్న కొండలు వస్తాయి. 12వ శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి తపస్సు చేసిన చోటని నమ్మకం. గుహల లోపలికి పోవాలంటే శ్రీశైలం పాతాళగంగ నుంచి విడిగా బోట్లు ఉంటాయి. సాయంత్రానికి పాతాళగంగ చేరాం. పైకి మెట్లెక్కొచ్చు, రోప్‌వే కూడా ఉంది. అమ్మమ్మ ఉంది కాబట్టి మాది రోప్‌వేనే.

మల్లన్న దర్శనం అయ్యాక అమ్మమ్మ అన్న మాట.. 'నా ఊరి మీదికెళ్లి ఇంత దూరం కూసోని వచ్చిన' అని. అది బాధో, సంతోషమో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

మీరు పోవాలంటే

ఎప్పుడు?: ఈ ట్రిప్పులో కిటుకంతా ఇక్కడే ఉంది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడే లాంచీ తిరుగుతుంది. అంటే వానాకాలం వరదలు తగ్గాక, చలికాలమంతా. నీళ్లు దిగాక లాంచీ ఆగుతుంది, కానీ సంగమేశ్వరం బయటపడుతుంది, మునిగిన ఊళ్ల గోడలు, బావుల అంచులు అక్కడక్కడ తేలతాయి. నీళ్లుంటే లాంచీ, నీళ్లు దిగితే ఊరు. రెండూ ఒకే ట్రిప్పులో చూడలేం. బయల్దేరే ముందు తెలంగాణ టూరిజం వెబ్‌సైట్‌లో లాంచీ ఉందో లేదో, ఏ రోజు ఉందో చూసుకోండి. నీటిమట్టం, బుకింగులను బట్టి మారుతుంది.

కారు ఏం చేయాలి?: లాంచీలో ఒకవైపే పోతే కారు సోమశిలలో ఉండిపోతుంది. మా మామ కారు తీసుకొని అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం వచ్చాడు. కారు నడిపేవాళ్లు ఎవరూ లేకుంటే రానూపోనూ టికెట్ తీసుకోవడం మేలు. అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. టైం చూసుకోండి. పొద్దటి పూట వస్తే దారిలో ఫరహాబాద్ వ్యూ పాయింట్, మల్లెలతీర్థం జలపాతం, ఉమామహేశ్వరం ఉన్నాయి.

లైఫ్ జాకెట్: ఇది మాత్రం నవ్వులాట కాదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర ఇదే కృష్ణలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. టూరిస్టులు కాదు, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు పోతున్న మామూలు జనం. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. బోటులో జాకెట్లు సరిపోకపోతే ఎక్కొద్దు. 'ఇంకో ఇద్దరే కదా' అని ఎక్కిస్తుంటే దిగిపోండి. ఫొటో కోసం జాకెట్ విప్పొద్దు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలని జనం ఏళ్ల తరబడి అడిగింది ఇందుకే. దానికి 2022లో కేంద్రం సుమారు 1,082 కోట్ల రూపాయలతో అనుమతి ఇచ్చింది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?: చేప ఒడ్డు మీద కొనండి. చీర మగ్గం దగ్గర కొనండి. జొన్నరొట్టె మెస్సులో తినండి. ప్లాస్టిక్ సీసాలు నదిలో వేయకండి, అదే నీళ్లు కింద ఎందరో తాగుతారు.

ఇంకొక్కటి. ఈ మూడు జిల్లాల వాళ్లయినా, ఎదురొడ్డు కర్నూలు, నంద్యాల వాళ్లయినా, మీ ఇంట్లో 'మా ఊరు నీళ్లల్ల పోయింది' అనే పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఏ అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో కూర్చొని ఉంటారు. టికెట్లు బుక్ చేసేటప్పుడు వాళ్లకొకటి వేయండి. బోటులో ముందు సీటు వాళ్లకివ్వండి. ఏ గుట్ట వెనక ఏముండేదో అడగండి. గూగుల్ మ్యాప్‌లో అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు. ఆ నీలం కింద బావి ఎక్కడో, చింతచెట్టు ఎక్కడో చెప్పగలిగింది ఇప్పుడు వాళ్లే. వాళ్లున్నప్పుడే పోవాలి.